కొలతకూ తూకానికీ నడుమ నీరు

మా ఇంటి అటక మీద ఒక ఇత్తడి మానిక ఉన్నది. దాని పక్కనే గొలుసులు తుప్పుపట్టిన ఒక త్రాసు, అందులో ఒక వీసె గుండు, ఒక అరవీసె గుండు. ఒకప్పుడు రెండూ ఒకే వంటింటికి ఊడిగం చేసినవి. బియ్యం, కందులు, నువ్వులు మానికతో కొలిచేవారు. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు త్రాసులో తూచేవారు. చిన్నతనంలో మా నాయనమ్మను నేనొక ప్రశ్న అడిగినాను: “మానెడు అంటే ఎన్ని వీసెలు?” ఆమె చేటలోని బియ్యం మీదనుంచి చూపు మరల్చకుండానే, “దేనిదిరా? బియ్యానిదా, అటుకులదా?” అన్నది. నాకప్పుడు అది జవాబు తప్పించుకొనడంగా తోచినది. కాని అంతకంటె సరియైన జవాబు లేదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టినది.

మన పాత లెక్కలలో కొలతల వరుస ఒకటి, తూనికల వరుస మరొకటి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. ఇది కొలత. మూడు తులాలు ఒక పలం, నలువది పలాలు ఒక వీసె, ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరువది మణుగులు ఒక బారువ. ఇది తూకం. ప్రాంతాన్నిబట్టి, ఒక్కొక్కప్పుడు ఊరినిబట్టి కూడ, ఇవి మారుతుండేవి. తెలంగాణంలో సేరు వాడుక ఎక్కువ. అయినా రెండు నిచ్చెనలు వేర్వేరుగా నిలిచి ఉండడం అంతటా ఒకటే. ఒకదాని మెట్టు నుంచి రెండవదాని మెట్టుకు దాటడానికి అడ్డుకర్ర ఏదీ లేదు. మన భాష సైతం ఈ తేడాను పాటించినది. దుఃఖాన్ని మనం పుట్టెడు అంటాము గాని, బారువెడు అనము. దుఃఖం చోటును నింపే వస్తువు కాబోలు.

ఆ అడ్డుకర్ర పేరు సాంద్రత. ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమించుకొన్నదో అది ఘనపరిమాణం. అందులో ఎంత పదార్థం ఇమిడి ఉన్నదో అది ద్రవ్యరాశి. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది సాంద్రత. లీటరు పట్టే పాత్రను నీటితో నింపితే అందులోని నీరు దాదాపు కిలో తూగుతుంది. అదే పాత్రను బియ్యంతో నింపితే సుమారు ఎనిమిది వందల గ్రాములు. వడ్లతో నింపితే ఆరు వందలకు లోపుగానే ఉంటుంది, ఏలనగా ఊకకూ గింజకూ నడుమ, గింజకూ గింజకూ నడుమ గాలి చేరి ఉంటుంది. అటుకులైతే చెప్పనక్కరలేదు. బంగారంతోనే నింపగలిగితే పందొమ్మిది కిలోలకు పైమాట. “దేనిదిరా?” అన్న మా నాయనమ్మ అడిగినది సాంద్రతను గురించియే.

నేల కొలతకూ ఇందులో పాలు ఉన్నది. మన పాత శాసనాలలో దానమిచ్చిన భూములను పుట్టి అనీ, తూము అనీ, ఖండుగ అనీ చెప్పడం కనబడుతుంది. అన్ని గింజలు చల్లితే సరిపోయే నేల అన్నమాట. వైశాల్యాన్ని ఘనపరిమాణంతో చెప్పడం లెక్కల మాస్టరుకు మింగుడుపడదు. రైతుకు మాత్రం అది ఎంతో సహజం. అయితే పలుచగా చల్లితే పుట్టి నేల పెరుగుతుంది, ఒత్తుగా చల్లితే తరుగుతుంది. నల్లరేగడిలో ఒక పుట్టి, ఇసుకనేలలో మరొక పుట్టి. వైశాల్యం, ఘనపరిమాణం, బరువు అనే మూడింటినీ ముడివేసినది అంకగణితం కాదు, మనిషి చెయ్యి. చెయ్యి ఉన్నచోట వివాదమూ ఉంటుంది.

ఆ వివాదం ఎక్కడ మొదలవుతుందో చూడండి. కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు అంచుకు సమంగా కర్రతో గీసి కొలవడం ఒక పద్ధతి. పైన కుప్ప నిలిచినంతవరకు పోసి కొలవడం మరొక పద్ధతి. పైకి చూస్తే కుప్ప చిన్నదిగానే కనబడుతుంది. లెక్క వేసి చూద్దాము. వ్యాసార్ధం పది సెంటీమీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు గల గుండ్రని కొలపాత్రను తీసుకొనండి. దాని నోటి వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. దానిని ఎత్తుతో గుణిస్తే 3140 ఘన సెంటీమీటర్లు. అది పాత్ర ఘనపరిమాణం. పైన ధాన్యం అయిదు సెంటీమీటర్ల ఎత్తున కుప్పగా నిలిచినదనుకొనండి. శంకువు ఆకారపు కుప్ప ఘనపరిమాణం అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి మూడింట భాగించినంత. అనగా సుమారు 523. పాత్రలో ఆరవవంతు.

ఇప్పుడు అంతే పట్టే మరొక పాత్రను, నోరు వెడల్పుగా, లోతు తక్కువగా చేయిద్దాము. నోటి వైశాల్యం రెండింతలు; ఎత్తు సగం. అంచువరకు రెండు పాత్రలూ సమానమే. కాని గింజ జారే వాలు మారదు గనుక, నోరు వెడల్పైనకొద్దీ కుప్ప ఎత్తు కూడ పెరుగుతుంది. లెక్క వేస్తే కుప్ప సుమారు 1480 ఘన సెంటీమీటర్లు వస్తుంది. పాత్రలో ఇంచుమించు సగం! చట్టం కుంచం మారలేదంటుంది, కంసాలి కుంచం మారలేదంటాడు, రైతు ఇంటిలో మాత్రం గాదె తరిగిపోయినది. పాత్ర నోటిని వెడల్పు చేసినవాడు ఒక్క అబద్ధమైనా చెప్పనక్కరలేదు.

ఈ లెక్క ఏ ఒక్క దేశానికో చెందినది కాదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సు దేశంలో ఇది రాజకీయమైనది. అక్కడ ఊరూరికీ వేర్వేరు కొలతలు ఉండేవి. పేరు ఒకటే అయినా పాత్ర వేరుగా ఉండేది. ధాన్యరూపంలో శిస్తు పుచ్చుకొనే భూస్వాములు తమ కొలపాత్రతోనే కొలవాలనేవారు, కుప్ప కొలతే కావాలనేవారు. 1789లో ప్రజలు రాజుకు సమర్పించిన వినతిపత్రాలలో పన్నుల బాధతోపాటు, దేశమంతటికీ ఒకే తూనిక, ఒకే కొలత ఉండవలెనన్న కోరిక మరల మరల వినబడినది. 1790లో తాలీరాన్ ఈ విషయాన్ని జాతీయ సభ ముందు పెట్టినాడు. 1791లో సభ ఒక సాహసమైన నిర్ణయం చేసినది. ఏ రాజు మూరనూ, ఏ పట్టణపు కుంచాన్నీ తీసుకొనక, భూగోళం నుంచియే పొడవును గ్రహించాలని. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటవ వంతు మీటరు. దానికోసం దెలాంబ్ర్, మెషేన్ అనే ఇద్దరు ఖగోళవేత్తలు డంకర్క్ నుంచి బార్సెలోనా వరకు ఏడేళ్లు కొలుచుకొంటూ తిరిగినారు. ఆ కథ చాలాసార్లు చెప్పబడినది. నేను చెప్పదలచినది దాని తరువాతి మెట్టు.

పొడవు చేతికి వస్తే వైశాల్యం, ఘనపరిమాణం వాటంతట అవే వస్తవి. పది మీటర్ల చదరం ఒక ఆర్. మనం నేడు పొలాలకు వాడే హెక్టారు దాని నూరురెట్లు. డెసిమీటరు, అనగా మీటరులో పదవవంతు, భుజముగా గల ఘనం ఒక లీటరు. అంతవరకు గుణకారమే. కాని ఘనం నుంచి బరువుకు దాటడానికి గుణకారం చాలదు. ఆ ఘనంలో ఏదో ఒకటి పోయాలి. ఏమి పోయాలి? గోధుమ పోస్తే ఈ ఏటి గోధుమ వేరు, నిరుటి గోధుమ వేరు. బంగారం పోస్తే దాని స్వచ్ఛతను నమ్మేదెవరు? వారు నీటిని ఎన్నుకొన్నారు. నీరు అంతటా దొరుకుతుంది. మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టుకొంటే శుద్ధమవుతుంది. అన్నిటికంటె ముఖ్యమైన గుణం నాకు మరొకటి తోస్తుంది: నీరు కుప్ప పోయదు. దాని అంచును గీయడానికి కర్ర అక్కరలేదు. భూస్వామి పోసినా రైతు పోసినా దాని నెత్తి సమంగానే ఉంటుంది.

నీటిని తూచే పని మొదట లవాజియేకు, స్ఫటికాల శాస్త్రజ్ఞుడు ఆవుయికి అప్పగించినారు. లవాజియే గురించి మన పాఠశాలల రసాయనశాస్త్రంలో చదువుకొన్నాము; దహనానికి కారణం ప్రాణవాయువని నిరూపించినవాడు, తన ప్రయోగాలన్నిటిలోనూ త్రాసును నమ్ముకొన్నవాడు. 1793 జనవరి నాటికి వారిద్దరూ ఒక తాత్కాలికమైన విలువ తేల్చినారు. అప్పటికి భూమి కొలత పూర్తికాలేదు గనుక మీటరు కూడ తాత్కాలికమే. ఘన డెసిమీటరు నీటి బరువు 18,841 గ్రెయినులని వారి లెక్క. గ్రెయిను పాత ఫ్రెంచి తూనిక. నేటి లెక్కలో సుమారు 53 మిల్లీగ్రాములు. ఆ ఏడు ఆగస్టు 1వ తేదీ శాసనంలో ఆ బరువుకు గ్రావ్ అని పేరు పెట్టినారు. ఇదియే మన కిలోకు పసినాటి పేరు.

ఆ ఏడు నవంబరులో లవాజియేను నిర్బంధించినారు. విప్లవానికి ముందు రాజుగారి పన్నులను గుత్తకు వసూలుచేసిన సంస్థలో ఆయన భాగస్వామి. డిసెంబరులో తూనికల సంఘం నుంచి ఆయన పేరును, ఆయనతోపాటు లాప్లాస్, కూలుం, బోర్డా, దెలాంబ్ర్ మొదలైనవారి పేర్లను తొలగించినారు. 1794 మే 8వ తేదీన తోటి గుత్తేదారులతోపాటు ఆయన తల తీయించినారు. జనానికి ఆ గుత్తేదారులపై ఉన్న కోపం అకారణమైనది కాదు. ఇది ఒప్పుకొనక తప్పదు. కాని జనం కోరిన ఒకే తూనికకు పునాది రాయి వేసినవారిలో ఆయనా ఒకడు.

పని ఆగలేదు. 1795 ఏప్రిల్ 7వ తేదీ శాసనం ఒక్కటే పొడవుకు మీటరు, నేలకు ఆర్, వంటచెరకు పేర్పుకు స్టేర్, ద్రవాలకూ ధాన్యానికీ లీటరు, బరువుకు గ్రాము అని నిర్ణయించినది. గ్రాము అంటే కరిగే మంచు ఉష్ణోగ్రత వద్ద ఒక ఘన సెంటీమీటరు శుద్ధజలం బరువు. ఒకే పొడవు నుంచి చదరం, చదరం నుంచి ఘనం, ఘనం నుంచి నీటి ద్వారా బరువు. మన రెండు నిచ్చెనలకు లేని అడ్డుకర్రను వారు చట్టంలోనే బిగించినారు. నీటి సాంద్రత ఒకటి కావడం ప్రకృతి వింత కాదు. ఒకటి అయ్యేటట్లుగా గ్రామును కత్తిరించినారు, అంతే. ఈ సంగతి తెలియక బాల్యంలో నేను నీటి మీద చాలా గౌరవం పెంచుకొన్నాను.

శాసనం రాయడం తేలిక, తూచడం కష్టం. ఘన డెసిమీటరు పట్టే పెట్టెను చేయించి నీరు పోసి తూస్తే చాలదా అనిపించవచ్చును. పెట్టె లోపలి కొలతలు తీయడం కష్టం, మూలలలో బుడగలు నిలుస్తవి, అంచువద్ద నీటిపొర వంగుతుంది. లెఫెవ్ర్ జినో అనే శాస్త్రజ్ఞుడు దీనిని తలక్రిందులు చేసినాడు. నీటిని పాత్రలో పోయక, లోహపు స్థూపాన్ని నీటిలో ముంచినాడు. ఆయనకు తోడుగా ఇటలీలోని టస్కనీ నుంచి వచ్చిన ఫబ్రోని పనిచేసినాడు. వారు వాడినది సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు, అంతే వ్యాసం గల బోలు ఇత్తడి స్థూపం. వెలుపలి కొలతలు గనుక కావలసినన్ని చోట్ల కొలుచుకొనవచ్చును. వ్యాసార్ధం 12, దాని వర్గం 144, దానిని 3.14తో గుణిస్తే అడుగు వైశాల్యం సుమారు 452 చదరపు సెంటీమీటర్లు. దానిని ఎత్తు 24తో గుణిస్తే 10,850. అనగా దాదాపు పదకొండు లీటర్లు.

ఆ స్థూపాన్ని మొదట గాలిలో తూచాలి, తరువాత నీటిలో వ్రేలాడదీసి తూచాలి. తగ్గిన బరువే అది తొలగించిన నీటి బరువు. రెండువేల ఏళ్లకు పూర్వం ఆర్కిమిడీసు చెప్పిన సూత్రమే ఇది. స్థూపం బోలుగా ఉండడం వల్ల నీటిలో అది మునిగీ మునగనట్లుంటుంది. త్రాసు మీద భారం తక్కువ, చూపు సూక్ష్మం. నీటి బరువును ఘనపరిమాణంతో భాగిస్తే పని అయిపోయినట్లే. కాని గాలికి కూడ బరువు ఉన్నది. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు, పదకొండు లీటర్ల స్థూపాన్ని గాలి పదమూడు గ్రాముల మేర పైకి ఎత్తుతుంది. దానిని కూడ లెక్కలోకి తీసుకొన్నారు.

మరొక చిక్కు ఉష్ణోగ్రత. శాసనం కరిగే మంచు చలిని కోరినది. ఆ చలిలో నీటిని నిలకడగా ఉంచడం కష్టం. అంతేకాక నీటికొక వింత నడక కలదు. చల్లార్చినకొద్దీ అది ముడుచుకొంటూ వచ్చి, సుమారు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అన్నిటికంటె దట్టంగా ఉండి, ఇంకా చల్లారిస్తే మరల ఉబ్బుతుంది. చలిదేశాల చెరువులలో పైన మంచు కట్టినా అడుగున చేపలు బ్రతకడం ఈ గుణంవల్లనే. దట్టమైన ఆ బిందువు వద్ద ఉష్ణోగ్రత కొంచెం అటూఇటూ అయినా సాంద్రత దాదాపు మారదు. కావున మంచును విడిచి ఆ 4 డిగ్రీలనే ప్రమాణంగా పట్టుకొన్నారు. ఇదే నీరు మన వేసవిలో 30 డిగ్రీలకు వస్తే లీటరుకు 995.7 గ్రాములే తూగుతుంది. నాలుగు గ్రాములకు పైగా తేడా.

1799లో వారు తేల్చిన అంకె 18,827.15 గ్రెయినులు. లవాజియే, ఆవుయిల అంకె కంటె సుమారు పద్నాలుగు గ్రెయినులు తక్కువ. లవాజియే త్రాసు చెడ్డదని ఎవరూ అనుకొనరాదు. తేడాకు ముఖ్యకారణం మీటరే మారిపోవడం. తాత్కాలిక మీటరు పాత లెక్కలో 443.44 లీన్యులు, భూమి కొలత పూర్తియైన పిదప నిర్ణయమైనది 443.296. తగ్గినది మిల్లీమీటరులో మూడవవంతు. అనగా పదివేలకు సుమారు మూడు పాళ్లు. కాని మీటరు మూడు పాళ్లు తగ్గితే చదరపు మీటరు ఆరు పాళ్లకు పైగా, ఘనపు మీటరు ఇంచుమించు పది పాళ్లు తగ్గుతవి. పొడవులో దొర్లిన పొరపాటు వైశాల్యంలో రెండింతలై, ఘనంలో మూడింతలవుతుంది. మన గృహస్థులు నీళ్లతొట్టి కట్టించేటప్పుడు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొంటే మేలు. ప్రతి భుజంలోనూ మేస్త్రీ నూటికి అయిదు పాళ్లు తగ్గిస్తే, తొట్టిలో పట్టే నీరు నూటికి పద్నాలుగు పాళ్లు తగ్గుతుంది.

జనెతి అనే స్వర్ణకారుని చేత ప్లాటినపు ముద్ద చేయించి, దానిని ఆ బరువుకు సరిచేసి, 1799 జూన్ 22వ తేదీన పారిస్‌లోని ప్రభుత్వ దస్త్రాల భాండారంలో భద్రపరచినారు. ఆనాటి నుంచి నిజానికి కిలో అంటే ఆ లోహపు ముద్ద. నీరు సాక్షిగా పుట్టినది గాని, సాక్షి ఇంటికి పోయినాడు. తరువాతి కాలపు శాస్త్రజ్ఞులు నీటిని మరింత సూక్ష్మంగా తూచి చూసినప్పుడు, ఆ ముద్ద రవంత ఎక్కువ బరువున్నదని తేలినది. 4 డిగ్రీల వద్ద కిలో నీరు పట్టడానికి ఒక ఘన డెసిమీటరు చాలదు, 1.000028 కావలెను. ఆ ఎక్కువ 28 ఘన మిల్లీమీటర్లు, అనగా ఒక చిన్న నీటిబొట్టు. పద్దెనిమిదవ శతాబ్దపు ఇత్తడితోనూ త్రాసులతోనూ అంత దగ్గరగా రాగలిగినందుకు నాకు కలిగేది ఆశ్చర్యమే గాని చిన్నచూపు కాదు.

ఆ బొట్టు మాత్రం చాలాకాలం తగవు పెట్టినది. 1901లో అంతర్జాతీయ తూనికల సభ లీటరు అంటే కిలో నీరు పట్టే చోటు అని తీర్మానించినది. దానితో లీటరు ఒకటి, ఘన డెసిమీటరు మరొకటి అయినవి. ఆ సభలోనే కిలో బరువుకు కాక ద్రవ్యరాశికి ప్రమాణమని స్పష్టం చేయడం కూడ జరిగినది. భూమి ఆకర్షణ ధ్రువం వద్ద హెచ్చు, భూమధ్యరేఖ వద్ద తక్కువ. బరువు దానినిబట్టి మారుతుంది, పదార్థం మారదు. లీటరు తగవు 1964లో తీరినది. లీటరు మరల ఘన డెసిమీటరుకు పర్యాయపదమైనది. సాంద్రత ఒకటి అన్నది ఇక శాసనం కాదు, దాదాపు సత్యం మాత్రమే.

1889లో ప్లాటినం, ఇరిడియం కలిపిన కొత్త ముద్ద ప్రపంచ ప్రమాణమైనది. అది 39 మిల్లీమీటర్ల ఎత్తు, అంతే వ్యాసం గల స్థూపం. బొటనవ్రేలంత ముద్దలో కిలో ఉండడం నమ్మశక్యంగా లేకపోతే కాగితం తీసుకొనండి. వ్యాసార్ధం 1.95 సెంటీమీటర్లు, అడుగు వైశాల్యం సుమారు 11.95, ఎత్తుతో గుణిస్తే 46.6 ఘన సెంటీమీటర్లు. ఆ మిశ్రలోహం సాంద్రత సుమారు 21.5. రెండింటినీ గుణిస్తే వెయ్యి గ్రాములు వచ్చి కూర్చుంటవి. దీని నకళ్లలో 57వది భారతదేశానికి వచ్చి, న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వద్ద మన ప్రమాణంగా నిలిచినది.

మన దేశంలో 1956లో తూనికల, కొలతల ప్రమాణాల చట్టం వచ్చినది. 1958 అక్టోబరు 1వ తేదీన అమలు మొదలై, 1960ల తొలి సంవత్సరాలలో సేరు, వీసె, మణుగు అంగళ్ల నుంచి తప్పుకొన్నవి. ఎనభై తులాల సేరు 933 గ్రాములు. నూటయిరువది తులాల వీసె సుమారు 1400. ఈ లెక్కలు ఇల్లాండ్రు కొద్దికాలంలోనే నోటికి పట్టించుకొన్నారు. వీసెను కిలోలోకి మార్చడానికి ఒక అంకె చాలు, ఎందుకంటే రెండూ తూకాలే. మానికను కిలోలోకి మార్చడానికి మాత్రం ఒక అంకె చాలదు. బియ్యానికి ఒకటి, కందులకు ఒకటి, వడ్లకు మరొకటి కావలెను. ధాన్యం కొలత నుంచి తూకానికి మారడమే ఆ సంస్కరణలో మన ఊళ్లకు కలిగిన పెద్దమార్పని నా అభిప్రాయం. కుప్ప, గీటు, కుదింపు అనే మూడు మాటలకు దానితో పని తప్పినది. అయితే తూచిన ధాన్యంలో తడి ఎంత అనే కొత్త ప్రశ్న వాటి స్థానంలో వచ్చి కూర్చున్నది.

2019 మే 20వ తేదీ నుంచి పారిస్ ముద్ద కూడ ప్రమాణం కాకుండా పోయినది. ప్లాంక్ స్థిరాంకమనే ప్రకృతిలోని ఒక మార్పులేని సంఖ్య మీద కిలోను నిలిపినారు. అంగడిలో బెండకాయలు కొనేవారికి ఆనాడు ఏ తేడా కనబడలేదు. కనబడకూడదనియే ఆ ఏర్పాటు.

తేడా కనబడేది నూనె దగ్గర. నూనెను మనం లీటరు లెక్కన అడుగుతాము. వేడి తగిలితే నూనె నీటికంటె హెచ్చుగా వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల వద్ద లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద లీటరు చోటులో పట్టేది సుమారు 890 మాత్రమే. కొందరు తయారీదారులు పొట్లం మీద లీటరు అని రాసి, పక్కన 60 డిగ్రీల వద్ద అని చిన్న అక్షరాలలో అచ్చువేసేవారు. ఏ ఇంటి వంటింటి అలమారులోనూ నూనె 60 డిగ్రీలలో ఉండదు. అచ్చులో అబద్ధం లేదు, పొట్లంలో మాత్రం ఇరవై గ్రాములు లేవు. వెడల్పు నోటి కుంచం నాటి లెక్కయే ఇది. ఆనాడు నోటి వైశాల్యాన్ని మార్చినారు, ఈనాడు సాంద్రతను మార్చినారు. 2022లో కేంద్ర ప్రభుత్వం నూనె పొట్లాల మీద ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణం చెప్పాలనీ, లీటరుతోపాటు బరువు కూడ తెలపాలనీ, ఆ రెండూ పరస్పరం సరిపోవాలనీ ఆదేశించినది.

మొన్న మా ఇంటికి వచ్చిన పొట్లం మీద ఒక లీటరు, 910 గ్రాములు అని ఉన్నది. వంటింటి త్రాసు మీద పెట్టి, నూనె వాడిన తరువాత ఖాళీ పొట్లాన్ని కడిగి ఆరబెట్టి మరల పెట్టి, రెండవ అంకెను మొదటిదానిలోనుంచి తీసివేసినాను. తొమ్మిది వందల పన్నెండు వచ్చినది.